నెయ్యి వేసే వంతు

ములకలపల్లి దగ్గరి తండాలో దీపావళి పొద్దున రూప్లి పొయ్యిలో నిప్పులు ఎగదోసింది. పోయిన పెద్దల పేర్లు తలుచుకుంటూ వాటి మీద నెయ్యి వెయ్యాలి. భర్త భద్రు పోయాక ఆ పని పెద్దకొడుకు తుల్సీరాంది. ఖమ్మంలో బ్యాంకు మేనేజరు. ఎంత పెద్ద ఉద్యోగమైనా ఏటా దీనికి వచ్చేవాడు. అన్నదమ్ములకు పంచడానికి రేపు సర్వేయర్ వచ్చి చేను రెండు ముక్కలు చేస్తాడు. ఆమె నెయ్యి గిన్నె పట్టుకుని కొడుకులిద్దరి వైపు చూసింది.

"పంచొద్దు తమ్మీ," అన్నాడు తుల్సీరాం. "పాతకాలం చైనాల భూమిని చచ్చిపోయిన తాత పేర పెట్టేటోళ్లట. పుస్తకంల చదివిన. ఎవడూ అమ్మేటందుకు లేదు. పంట పెద్దల పూజకు, పిల్లల సదువుకు. దాన్నే ట్రస్టంటరు. పంచిన చేన్లు ఎట్ల పోతయో బ్యాంకుల కూసోని చూస్తున్న."

తమ్ముడు కోటేష్ బీడీ పారేశాడు. "సచ్చినోడొచ్చి నాగలి పడ్తడా అన్నా?"

లోపల అతని భార్య కమ్లి కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది.

"దున్నేది నువ్వే. పెత్తనం నేను చూస్త."

"ఎన్నేండ్లు?"

"గదేం మాట? పెద్దోణ్ని నేనుండంగ..."

"అవ్! నువ్వు కుర్చీల కూసుంటవ్, నేను నాయిన చేన్ల నీకు జీతగాణ్ని! రేపు రాళ్లు పాతుడే. మళ్ల నీ గడప తొక్క."

రూప్లి ఇద్దరి మధ్యకు వచ్చింది. "రెండు పొయ్యిలైతే మీ నాయిన ఏ పొయ్యి కాడికి రావాలెరా?"

తుల్సీరాం తల వంచుకున్నాడు. చదివినదాంట్లో ఒక ముక్క ఇంతసేపూ దాచాడు. చదువుకున్నవాళ్లకు పనికొచ్చిన ముక్కే గుర్తుంటుంది.

"యాడీ," అన్నాడు తల్లితో. "ఆ చైనాల పెద్దోనిదే పెత్తనం కాదు. అన్నదమ్ములకు ఏడాదికొకరికి వంతు. ఎవరి వంతైతే వాళ్లదే చేను, వాళ్లదే పూజ."

"మరి ముందే చెప్పవేంది బావా?" అంది కమ్లి.

"చెప్తే ఈ నెయ్యి నా చేతుల్నించి పోతది. తండాల నాకింకేముంది?"

తుల్సీరాం తల్లి చేతిలోని గిన్నె తీసుకుని తమ్ముడికి అందించాడు. "ఈ యేడు నీదే."

కోటేష్ గిన్నె పట్టుకుని బిత్తరపోయాడు. "నాకు పెద్దల పేర్లు రావన్నా..."

"నేను చెప్త. నువ్వెయ్యి."

ఒక్కో పేరుకు ఒక్కో మంట లేచింది. చివరి పేరు వచ్చేసరికి అన్న ఆగి తమ్ముడి వైపు చూశాడు.

"నాయిన పేరు నాకొచ్చులే," అన్నాడు కోటేష్ కళ్లు తుడుచుకుంటూ. "కమ్లీ, రేపు సర్వేయరొస్తే చాయ్ తాపి పంపు."