కోటుకు కట్టిన చీటీ

గాజుపెట్టె ఉంది. పెట్టెలో తెల్లటి గుడ్డ ఉంది. గుడ్డ మీద ఉండాల్సిన చీటీ లేదు.

గురువారం సాయంత్రం ఐదున్నర. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఒక కమ్యూనిటీ హాల్. బయట వాన ఇంకా దంచుతూనే ఉంది. టోర్నడో వార్నింగ్ అంటూ అందరి ఫోన్లూ ఒక్కసారి మోగి పావుగంట అయింది. కరెంట్ పోయింది. హాల్లో ఉన్న నలుగురూ కిటికీలు లేని నడవలోకి పరుగెత్తారు. గండం గడిచి తిరిగొచ్చేసరికి పెట్టె మూత తీసి పక్కన పెట్టి ఉంది.

స్మృతికి పదిహేడేళ్ళు. ఆ చీటీని తెచ్చి పెట్టింది తనే. ఏడవలేదు. ఫోన్ తీసి త్రివేణి ఆంటీకి కాల్ చేసింది.

త్రివేణి పక్క ఊరు ప్లేనోలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి ఇన్వెస్టిగేటర్. తగలబడని ఇళ్ళకూ గుద్దుకోని కార్లకూ క్లెయిమ్ వేసేవాళ్ళను పట్టుకోవడం ఆవిడ ఉద్యోగం. ఏళ్ళ తరబడి అబద్ధాలు వినీ వినీ, ఎవరైనా గుడ్ మార్నింగ్ అన్నా కిటికీలోంచి బయటకు ఒకసారి చూసుకునే రకం. ఆ వానలోనే కారేసుకుని వచ్చింది.

"పోయిందేంటో ముందు చెప్పు."

"ట్యాగ్, ఆంటీ. మిసెస్ ఒకుడాది."

తెలుగు సంఘం పిల్లలు పెడుతున్న ఎగ్జిబిషన్ అది. పేరు 1942. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో అమెరికాకు ఒక్క ఏడాదిలో ఏమేం జరిగిందో ఒక్కొక్కరూ ఒక్కో ప్యానెల్ చేశారు. చక్కెర రేషన్ ఒకరిది. మామూలు జనానికి కార్లు చేయడం ఆపేసిన ఫ్యాక్టరీలు ఒకరిది. మిడ్‌వే దగ్గర జపాన్‌తో జరిగిన సముద్ర యుద్ధం ఇంకొకరిది. స్మృతి ఫిబ్రవరి నెల తీసుకుంది. ఆ నెలలో ప్రెసిడెంట్ సంతకం పెట్టిన ఒక ఆర్డర్‌తో, జపనీస్ రక్తం ఉందన్న ఒకే ఒక్క కారణానికి లక్షమందికి పైగా మనుషుల్ని ఇళ్ళలోంచి ఖాళీ చేయించి ముళ్ళకంచెల వెనక పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే పుట్టిన సిటిజన్లు. కుటుంబానికో నంబర్ ఇచ్చి, ఆ నంబర్ చీటీని కోటు గుండీకి కట్టారు.

మిసెస్ ఒకుడాకి అప్పుడు ఆరేళ్ళు. ఇప్పుడు తొంభైకి దగ్గర. ప్లేనోలో మనవరాలి దగ్గర ఉంటోంది. తన కోటుకు కట్టిన చీటీని ఇన్నేళ్ళలో ఎప్పుడూ గడప దాటించలేదు. స్మృతి నాలుగుసార్లు వెళ్ళి కూర్చుంటే ఇచ్చింది. శనివారం పది గంటలకు ఓపెనింగ్. ఆవిడ స్వయంగా వస్తోంది. ఆవిడతో మాట్లాడటానికి పేపర్ నుంచి ఒక రిపోర్టరమ్మాయి కూడా వస్తోంది.

"నేను ప్రామిస్ చేశాను ఆంటీ, సేఫ్‌గా ఉంటది అని. ఇప్పుడు ఆమెకి ఏం చెప్పాలి?"

సంఘం సెక్రటరీ శ్యామ్‌సుందర్ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చాడు. కరీంనగర్ మనిషి. మోకాలు ఆపరేషనై ఇంకా రెండు నెలలు కాలేదు.

"త్రివేణమ్మా, పోలీసులకు మాత్రం చెప్పకు. పేపర్ల పడ్తది. శనివారం దాకా దొరకకపోతే ఆ ప్యానెలే తీసేద్దాం. నేను మొదటి నుంచి చెప్తనే ఉన్న, గిట్లాంటియి మనకెందుకు అని."

"అందుకేనా దాన్ని మూలకి తోశారు?"

"జాగ లేక."

హాల్లో జాగా దండిగా ఉంది. త్రివేణి ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి చూసింది.

"కరెంట్ పోయినప్పుడు లోపల ఎవరెవరున్నారు?"

"నేను, స్మృతి, వాళ్ళ నాయిన విశ్వనాథ్. ఇంకా ఆ హాస్కెల్."

హాస్కెల్ పక్క వీధి మనిషి. మాజీ సైనికుడు. వాళ్ళ తాత మిడ్‌వేలో నావికుడు. ఆయన ఫోటో ఇద్దామని వచ్చి, స్మృతి ప్యానెల్ చూసి, ఆ ఏడాదిలో మీకు ఇదే దొరికిందా అని గొంతు పెంచాడు. అందరూ విన్నారు. గండం గడవగానే ఇంటికి వెళ్ళిపోయాడు.

"ఆయనే తీసిండు. ఇంకెవరున్నరు?" అన్నాడు శ్యామ్‌సుందర్.

స్మృతి నాన్న విశ్వనాథ్ ఒక పక్కన ఎక్స్‌టెన్షన్ వైర్ చుడుతున్నాడు. నెమ్మదైన మనిషి. పిల్ల చేసిన ప్యానెల్‌కి చెక్క ఫ్రేమ్ ఆయనే తన గరాజ్‌లో కోసి బిగించాడు.

"విశ్వనాథ్ గారూ, చీకట్లో మీరెక్కడున్నారు?"

"నడవ చివర, బాత్‌రూమ్ పక్కన."

"పక్కన ఎవరు?"

"ఏమీ కనపడలేదండీ. పాప వాళ్ళమ్మతో ఫోన్‌లో మాట్లాడటం మాత్రం వినపడుతూనే ఉంది."

"ఎవరైనా లేచి వెళ్ళిన చప్పుడు?"

"వానలో ఏం తెలుస్తుంది." వైర్ చుడుతూనే అడిగాడు. "పేపరమ్మాయి శనివారం వస్తుందంటారా?"

"వస్తుందనే అన్నారు."

వైర్ చుట్టడం అయిపోయింది. ఆయన దాన్ని విప్పి మళ్ళీ మొదటి నుంచి చుట్టాడు. "తప్పకుండా వస్తుందా?" అన్నాడు.

సీసీ కెమెరాకి బ్యాటరీ ఉంది. వీడియో దొరికింది. కానీ కెమెరా సీలింగ్‌లో ఉంది. చీకట్లో బొమ్మంతా బూడిద రంగు. నడవలో కొక్కేలకు వేలాడే వాలంటీర్ల రెయిన్‌కోట్ ఒకటి వేసుకుని, హుడ్ ముఖం మీదకు లాక్కుని ఒక మనిషి లోపలికి వచ్చాడు. ముఖం లేదు. ఎత్తు తెలియదు. ప్యానెల్ ఇంకా గోడకు ఎక్కించలేదు, బల్లకు ఆనించి ఉంది. ఆ మనిషి బల్ల దగ్గరకు వెళ్తుంటే కాలు తగిలి అది కింద పడింది. వంగి దాన్ని నిలబెట్టాడు. పెట్టె మూత తీశాడు. చీటీ తీసుకున్నాడు. వెళ్ళిపోయాడు.

త్రివేణి, స్మృతి, శ్యామ్‌సుందర్ ముగ్గురూ పదిసార్లు చూశారు. పది సార్లూ రెయిన్‌కోటే కనపడింది.

శుక్రవారం పొద్దున త్రివేణి హాస్కెల్ ఇంటి తలుపు తట్టింది. సంభాషణ ఇంగ్లీషులో, సూటిగా సాగింది.

"చీటీ మీరు తీశారా?"

"లేదు."

"ఆ ప్యానెల్ మీకు నచ్చలేదు."

"నచ్చలేదు. ముఖం మీదే చెప్పాను. ముఖం మీద చెప్పేవాడికి దొంగతనం ఎందుకమ్మా?"

త్రివేణికి ఆ జవాబు నచ్చింది. నచ్చినంత మాత్రాన నమ్మే మనిషి కాదు గనక ఫోన్‌లో వీడియో పెట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు ఎత్తి పెట్టుకుని, కనుబొమలు ముడివేసి చూశాడు.

"వీడు ఏడుస్తున్నాడేమిటి?" అన్నాడు.

"ఎక్కడ?"

"ఇదిగో, బోర్డు పడ్డాక. కళ్ళు తుడుచుకున్నాడు చూడు."

త్రివేణి ఫోన్ తీసుకుంది. వెనక్కి జరిపింది. మళ్ళీ చూసింది. ఇంకోసారి చూసింది. థాంక్స్ చెప్పడం కూడా మరిచిపోయి కార్లో కూర్చుంది. ఒళ్ళు మండిపోతోంది, ముఖ్యంగా తన మీద తనకే. పద్నాలుగేళ్ళ అనుభవం అని గొప్పలు పోతుంది గానీ, కళ్ళ ముందు ఉన్నదాన్ని ఆ పెద్దమనిషి చెప్తే గానీ చూడలేకపోయింది.

శనివారం ఎనిమిదిన్నర. హాల్లో ఐదు కుర్చీలు వేయించింది త్రివేణి. స్మృతి, విశ్వనాథ్, శ్యామ్‌సుందర్, హాస్కెల్ కూర్చున్నారు. ఐదో కుర్చీ ఎవరికని శ్యామ్‌సుందర్ అడుగుతుండగానే తలుపు తెరుచుకుంది. చిన్న మనిషి. తెల్లటి జుట్టు. మిసెస్ ఒకుడా వాకర్ నెట్టుకుంటూ వచ్చి కూర్చుంది.

శ్యామ్‌సుందర్ ముఖం పాలిపోయింది. "ఆమెను ఇప్పుడే ఎందుకు పిలిచినవ్?" అని తెలుగులో గొణిగాడు.

"చీటీ ఆవిడది కాబట్టి," అంది త్రివేణి. తర్వాత అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులోకి మారింది.

"ఈ వీడియో మనం పదిసార్లు చూశాం. మిస్టర్ హాస్కెల్ ఒక్కసారి చూసి, దొంగ కళ్ళు తుడుచుకున్నాడన్నారు. మనలో ఒక్కరికీ అది కనపడలేదు. ఎందుకో తెలుసా?"

లాప్‌టాప్ మీద బొమ్మ ఆపింది. వంగిన మనిషి. కుడిచెయ్యి ప్యానెల్ మీద. తర్వాతి బొమ్మ. అదే చెయ్యి ముఖం దగ్గర, ముందు ఒక కన్ను, తర్వాత రెండో కన్ను.

"స్మృతీ, పుస్తకానికి కాలు తగిలితే నువ్వేం చేస్తావు?"

స్మృతి చెయ్యి తనకు తెలియకుండానే సగం దాకా లేచింది. అక్కడే ఆగిపోయింది.

"కళ్ళకద్దుకుంటాం," అంది త్రివేణి. "కాగితానికీ, అక్షరానికీ కాలు తగిలితే మనం ఆలోచించం. చెయ్యి దానంతటదే వెళ్తుంది. రోజూ చేసే పని కాబట్టి ఎదుటివాడు చేసినా మనకు కనపడదు. బయటివాళ్ళకు అది ఏడుపులా కనపడుతుంది. మిస్టర్ హాస్కెల్, దొంగ మీరు కాదు. బయటి నుంచి వచ్చినవాడూ కాదు. మా వాడు."

హాస్కెల్ చూపు శ్యామ్‌సుందర్ మీదకు వెళ్ళింది.

"నా దిక్కు చూడకుండ్రి," అన్నాడు శ్యామ్‌సుందర్ తెలుగులోనే.

"మీరూ కాదు," అంది త్రివేణి. "ఈ మనిషి రెండు మోకాళ్ళూ వంచి నేల దాకా వంగాడు. మీరు చెప్పుల పట్టీ పెట్టుకోవాలన్నా ఇంకొకరు కావాలి. స్మృతి గొంతు నడవలో అందరికీ వినపడుతూనే ఉంది."

ఇక మిగిలింది ఒక్కరే. అయినా త్రివేణి ఆ పేరు చెప్పలేదు. వీడియోని ఇంకో కాస్త నడిపింది.

"చీటీ కోసం వచ్చినవాడు పడిపోయిన బోర్డుని ఎందుకు నిలబెట్టాలి? నిలబెట్టాడు సరే. చూడండి, బూటు మరక పడిందేమోనని రెయిన్‌కోట్ చేతి అంచుతో తుడుస్తున్నాడు. ఫ్రేమ్ మూల ఊడిందేమోనని బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. ఈ ప్యానెల్ అంటే గిట్టనివాడు ఆ పని చేయడు. అందులోనూ, పేపరమ్మాయి వస్తుందా అని నన్ను రెండుసార్లు అడిగిన మనిషి ఒక్కరే ఉన్నారు."

విశ్వనాథ్ లేచాడు. చొక్కా జేబులోంచి మడత పెట్టిన రుమాలు తీశాడు. విప్పాడు. పసుపు పచ్చగా మారిన చీటీ, దానికి చివర తెగిన దారం.

"సోమవారం నేనే తెచ్చి ఇచ్చేద్దామనుకున్నాను," అన్నాడు. "హాస్కెల్ గారు చెప్పిందీ తప్పు కాదు. ఏడ్చాను కూడా."

స్మృతి కుర్చీలోంచి లేచింది.

"వచ్చే నెల హైదరాబాద్‌లో నా వీసా స్టాంపింగ్," అన్నాడు విశ్వనాథ్, కూతురి వైపు చూడకుండా. "ఇప్పుడు వీసా ఆఫీసర్లు అన్నీ చూస్తున్నారు, ప్రభుత్వాన్ని ఎక్కడైనా తప్పుపట్టామా అని. ఆన్‌లైన్‌లో ఏం పెట్టాం, పేపర్లో ఏం వచ్చింది, అన్నీ. పద్నాలుగేళ్ళుగా గ్రీన్ కార్డ్ లైన్‌లో ఉన్నాం. నీకు ఇరవై ఒకటి వచ్చేలోపు రాకపోతే నువ్వు లైన్‌లోంచి పడిపోతావు. మూడేళ్ళ పిల్లగా వచ్చావు, నీకు వేరే ఊరు ఏముంది? చీటీ లేకపోతే ఈవిడ రారు. ఈవిడ రాకపోతే పేపరమ్మాయి రాదు. మన పేరు ఎక్కడా పడదు. నీ కోసమే చేశానమ్మా."

"నా కోసం అని చెప్పొద్దు నాన్నా." స్మృతి తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది. "నన్ను అడిగావా? నేను క్వయట్‌గా ఉంటే కార్డ్ వస్తదా? ప్రామిస్ ఇస్తావా? నువ్వు ఇవ్వలేవు. ఎవరూ ఇవ్వలేరు. మరి నేను ఎందుకు క్వయట్‌గా ఉండాలి?"

మాటలు తెలుగులో ఉన్నా మిసెస్ ఒకుడాకి ఏదో అర్థమైనట్టుంది. ఏమంటున్నారని త్రివేణిని అడిగింది. త్రివేణి ఒక్క ముక్క దాచకుండా చెప్పింది.

ముసలావిడ విశ్వనాథ్‌ను దగ్గరకు రమ్మంది. ఆయన వచ్చి రెండు చేతులతో చీటీ ఇచ్చాడు. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

"మా నాన్న స్ట్రాబెర్రీలు పండించేవాడు," అంది. "యుద్ధం వచ్చిందని తెలిసిన వారంలో తన జపనీస్ పుస్తకాలన్నీ వంటింటి పొయ్యిలో వేశాడు. మా అమ్మ జపాన్ నుంచి తెచ్చుకున్న బొమ్మలు కూడా వేశాడు. మా మీద ఎవరికీ అనుమానం రాకూడదని. బయట గట్టిగా నవ్వొద్దన్నాడు. మేం నవ్వలేదు. అయినా లారీ వచ్చింది. నోరెత్తినవాళ్ళకీ ఎత్తనివాళ్ళకీ కట్టింది ఒకే రకం చీటీ, పెట్టింది ఒకే కంచెలో. చనిపోయే దాకా మా నాన్నను బాధపెట్టింది ఆ కంచె కాదు. ఆ పొయ్యి."

విశ్వనాథ్ అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఆవిడ ఆయనను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

"అయిందేదో అయింది," అన్నాడు శ్యామ్‌సుందర్ మెల్లగా. "చీటీ దొరికింది. ప్యానెల్ మాత్రం లోపలి రూములో పెడదాం. అడిగినోళ్ళకు చూపిద్దాం."

"వద్దు అంకుల్," అంది స్మృతి. "తలుపు ఎదురుగా."

"సంఘం పర్మిషన్ కావాలె బిడ్డా."

"తీసేయాలంటే మీరే తీయండి. నేను దాని ముందు నిలబడతాను."

తెలుగు మాటలు అర్థం కాకపోయినా, పిల్ల నిలబడ్డ తీరు హాస్కెల్‌కు అర్థమైంది. ఆయన కుర్చీలోంచి లేచి నేరుగా మూలకు వెళ్ళాడు. బల్ల ఒక అంచు పట్టుకున్నాడు. "రెండో పక్క ఎవరు పడతారు?" అన్నాడు. ఆ ప్యానెల్ ఇప్పటికీ తనకు నచ్చలేదని కూడా చెప్పాడు.

విశ్వనాథ్ లేచి రెండో పక్క పట్టాడు. ఇద్దరూ బల్లను తలుపు ఎదురుగా దింపారు. మిసెస్ ఒకుడా చీటీని తన చేత్తో పెట్టెలో పెట్టింది. శ్యామ్‌సుందర్ అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి ఎదురుగా ఉన్న లైటు స్విచ్ తనే వేశాడు.

పది గంటలకు జనం వచ్చారు. పేపరమ్మాయి వచ్చింది. ముసలావిడతో మాట్లాడింది, స్మృతితో మాట్లాడింది, ఫోటోలు తీసుకుంది. ఫ్రేమ్ దగ్గర నిలబడ్డ విశ్వనాథ్‌ను చూసి అడిగింది.

"మీరు?"

"ఈ అమ్మాయి తండ్రిని. ఈ చెక్క పని నాది."

"మీ పేరు వేయవచ్చా? ఫస్ట్ నేమ్ చాలు."

త్రివేణి దూరం నుంచి చూస్తోంది. స్మృతి కూడా చూస్తోంది. ఆయన చెయ్యి ఫ్రేమ్ మూల మీదకు వెళ్ళింది.

"చాలదు," అన్నాడు విశ్వనాథ్. "మొత్తం వేయండి. తుమ్మలగుంట విశ్వనాథ్."

ఆ అమ్మాయి ఫోన్‌లో టైప్ చేయబోయి ఆగిపోయింది. ఆయన ఒక్కొక్క అక్షరం విడివిడిగా, పక్కవాళ్ళకు కూడా వినపడేలా చెప్పాడు. చెప్పి, తప్పు పడిందేమోనని ఆమె ఫోన్‌లోకి వంగి చూశాడు. ఒక ఎమ్ తక్కువైంది. రెండు ఉండాలని చెప్పి, దిద్దే దాకా అక్కడే నిలబడ్డాడు.