మనదా, మాదా?

"బాంబు చర్చల హాల్లోనే ఉందట," అన్నాడు చీఫ్. "ఎక్కడో తెలీదు. వెతుకు."

ఆఫీసంతా బాబాయి అని పిలిచే చీఫ్ ఏ కబురైనా అంత తాపీగానే చెబుతాడు. ఎదురుగా ఉన్న ఏజెంటుకి మాత్రం కాలు ఒకచోట నిలవదు. అందుకే అతనికి జోరీగ అని పేరు పడింది.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. సరిహద్దులో ఒక కొండ, దానికోసం పొరుగు దేశంతో ఏళ్ల తరబడి తగాదా. దాన్ని ఉమ్మడిగా ఉంచుకుందామని ఇవాళ ఇద్దరు మంత్రులూ నోటితో చెప్పుకుని, ఆపైన సంతకాలు చేస్తారు. రెండువైపులా ఆయుధాలు అమ్ముకునే విదేశీ ముఠాకి అది కంట్లో నలుసు. ఆ ముఠాలో చేరి మనకి పనిచేస్తున్న డబుల్ ఏజెంట్ పేరు చిలక. చర్చలకి దుబాసీ ఆమే. బాంబు సంగతి చేరవేసిందీ ఆమే.

"అసలు తగువెందుకు బాబాయ్?"

"భయం. నువ్వు గోడ ఎత్తు పెంచితే పక్కింటివాడు నిచ్చెన కొంటాడు. నిచ్చెన చూసి నువ్వు కుక్కని తెస్తావు. ఇద్దరూ దొంగలు కారు. దాన్నే సెక్యూరిటీ డైలమా అంటారు. దేశాల మధ్య తీర్పు చెప్పే పెద్దమనిషి కూడా ఉండడు."

జోరీగకి అంత చదువు అక్కర్లేదు. అతని తమ్ముడు సైనికుడు, ఆ కొండమీద ముందు వరస కాపలా పికెట్‌లో ఉన్నాడు. డ్యూటీకి వెళ్తూ బైక్ అన్నకి అప్పగించి, గీత పడితే ఊరుకోనని బెదిరించి మరీ వెళ్లాడు. తొలి తూటా పేలితే తగిలేది వాడికే.

సౌండ్ మెకానిక్ వేషంలో జోరీగ హాలంతా జల్లెడ పట్టాడు. పెట్టుడు మీసం దురద పెడుతోంది. బాంబు గానీ రేడియో గానీ దగ్గరుంటే కూసే డిటెక్టర్ పెన్ను జేబులో కిక్కురుమనలేదు. బల్లల కింద దూరాడు, కుర్చీలు తిరగేశాడు, ఏమీ లేదు. గాజు గదిలో మైకు ముందు కూర్చున్న చిలక, మెడలో ముత్యాల హారం సవరించుకుంటూ, ఇంకా వెతకమని సైగ చేసింది. అబ్బ, ఏం అందమని అనుకుంటూనే అతను మళ్లీ బల్ల కింద దూరాడు.

పొరుగు మంత్రి లేచి చివరి మాట చెప్పాడు. హెడ్‌ఫోన్‌లో చిలక తేనెలూరే గొంతు: "ఈ రోజు నుంచి ఆ కొండ మాది."

మన మంత్రి మొహం జేవురించింది. పిలిచి, కూర్చోబెట్టి, మొహం మీదే మాది అంటారా? ఆయన సైన్యాధిపతి లైను ఫోను ఎత్తాడు.

జోరీగ బల్ల కింద నుంచి బయటికొచ్చాడు. పొరుగు రేడియో వింటూ పట్టుకున్న నాలుగు ముక్కలు అతనికి వచ్చు. వాళ్ల భాషలో మనదన్నా, మాదన్నా ఒకటే మాట! పొద్దుట్నుంచీ 'మన' అంటూ వచ్చిన చిలక ఇప్పుడే 'మా' అంది. బాంబు బల్ల కింద లేదు. ఆమె నాలుకమీద ఉంది. తనని బల్ల కింద దూర్చిందీ అందుకే.

ఒక్క ఉదుటున గాజు గదిలోకి వెళ్లి ఆమె మైకు కట్ చేశాడు. తన మైకు తెరిచి, వచ్చీరాని మాటల్లో పొరుగు మంత్రిని అడిగాడు: "అయ్యా, మీ ఒక్కరిదా, వీళ్లతో కలిపా?"

ఆయన తెల్లబోయాడు. తన గుండెమీద చెయ్యేసుకుని, బల్ల చుట్టూ వచ్చి, అదే చెయ్యి మన మంత్రి భుజమ్మీద వేశాడు.

"మాది కాదండీ, మనది," అన్నాడు జోరీగ.

అవతలి నుంచి ఫోన్‌లో హలో వినిపిస్తూనే ఉంది. మన మంత్రి ఫోను పెట్టేశాడు.

"వాళ్ల భాషలో తేడా లేదు. నా తప్పేంటి?" అంది చిలక. అప్పుడు కూసింది పెన్ను, ఆమె ముత్యాల హారం దగ్గర. ముఠాతో మాట్లాడే రేడియో అందులోనే ఉంది. మిగతా మర్యాదలు బాబాయి మనుషులు చూసుకున్నారు.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు, తుపాకులు దించేశామని. మన బైక్ బాగుందిరా అన్నాడు జోరీగ.

"మన బైకా?" అన్నాడు తమ్ముడు. "అది నాది."