వండినవాడి వాటా

"సత్యరాజుగారూ, రేపటి విమానంలో నన్ను ఇంటికి పంపేస్తారంటండీ! నేను దొంగ ఫారాలు రాయలేదు, దేవుని తోడు!"

1977. ఒమన్‌లోని హమ్రియాలో మధ్యాహ్నం భోజనాల వేళ, మేస్త్రీ లచ్చన్న రూములోకి సర్వే ఆఫీసు గుమాస్తా మనోహరం పరుగున వచ్చిపడ్డాడు. అన్నం కలుపుతున్న డిటెక్టివ్ సత్యరాజు తలెత్తాడు. లచ్చన్న ఆయనకు నమ్మిన బంటు.

"ముందుగాల తినన్నా," అన్నాడు లచ్చన్న. "ఈ నెల వంట నాది. వండెటోనికి మెస్సు పైసలు మాఫీ!"

మనోహరం గోడు వెళ్లబోసుకున్నాడు. ఒమన్‌లో ఏ ఇంటికి ఎంత ఆదాయం దక్కుతోందో అంచనా కట్టే సర్వే అది. ఒకే పొయ్యి మీద తినేవాళ్లంతా ఒక ఇల్లు. కూలీల రూములన్నీ తిరిగి మనోహరం రాసుకొచ్చాడు. సూపర్‌వైజర్ దేవయ్య వాటిని ఫెయిర్ చేశాడు. అందులో ఒక్కో కూలీ జీతం అరవై రియాళ్లు! ఆఫీసరు ఇనాయత్ సాబ్ స్వయంగా ఒక రూముకు వెళ్లి అడిగితే ముప్పై అని తేలింది. ఇంకేముంది, ఇంట్లో కూర్చుని రాశావంటూ మనోహరం మీద పడ్డారు. రఫ్ కాగితాలు చింపేశానన్నాడు దేవయ్య.

"నువ్వెంత రాశావు?"

"ముప్పయ్యేనండీ!"

అతను తెచ్చిన ఫెయిర్ ఫారం సత్యరాజు చదివాడు. మనుషులు ఎనిమిది. మెస్సు యాభై ఆరు రియాళ్లు. తలా ఏడు.

"లచ్చన్నా, నీ నోట్లో పంచదార పొయ్య! పద ఆఫీసుకి!"

తానేమన్నాడో లచ్చన్నకు ముక్క అర్థం కాలేదు. అయినా ఛాతీ పొంగింది.

ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి సత్యరాజు అడిగాడు: "ఎనిమిది మంది కూలీల రూము. మెస్సు యాభై ఆరు. డబ్బు కట్టేవాడు తలా ఎంత కడతాడు?"

"ఏడు. ఇదీ ఓ లెక్కేనా?" దేవయ్య నవ్వాడు.

"ఎనిమిదండీ," అన్నాడు మనోహరం. "వండినవాడు కట్టడు కదా! నా ఫారాల్లో వాడికి సున్నాయే వేశాను."

"అదీ సంగతి!" సత్యరాజు బల్ల చరిచాడు. "రూము గడప తొక్కినవాడికి ఈ ఆనవాయితీ తెలుసు. మనోహరానికి తెలుసు. నువ్వు తొక్కలేదు దేవయ్యా! జీతం రెట్టింపు చేశావు, దానికి తగ్గట్టు తిండి ఖర్చూ పెంచావు, వంటవాణ్ణి కూడా కలుపుకుని ఎనిమిదికీ పంచేశావు. ఫెయిర్ చేసిన ప్రతి ఫారంలోనూ ఇదే పంపకం ఉండి తీరాలి. చూడండి ఇనాయత్ సాబ్!"

ఇనాయత్ గబగబా ఫారాలు తిరగేశాడు. ఒక్కదానిలోనూ సున్నా లేదు. దేవయ్య చేతులు జోడించాడు.

"కూలీల కాంట్రాక్టరు డబ్బు ఆశ పెట్టాడు సాబ్... ముప్పయ్యే ఇస్తున్నట్టు సర్కారుకు తెలిస్తే కొత్త కూలీలను తెచ్చుకునే పర్మిట్లు రావని భయపడ్డాడు. అసలు కాగితాలు నా పెట్టెలో ఉన్నాయి. మిగతా సగం డబ్బు ముట్టేదాకా చింపొద్దనుకున్నా."

ఇనాయత్ విమానం టికెట్టు చింపేశాడు. మనోహరం భోరున ఏడ్చాడు.

అసలు కాగితాలు రాగానే తక్కువ నుంచి ఎక్కువ దాకా ఇళ్ల రాబడిని చూపే దేశం ఆదాయాల గీతను ఇనాయత్ మళ్లీ గీశాడు. దాని కింది కొస బాగా దిగిపోయింది. లచ్చన్న తొంగి చూశాడు.

"గా అడుగున ఉన్నది మేమేనా సారూ?"

"మీరే, లచ్చన్నా."

"ఉండనియ్యుండ్రి. లేనట్టు రాసేకంటే గదే నయం."