అమ్మ తాగించిన పెట్రోలు

ఆదివారం పొద్దున కాఫీలు కాకముందే కొడుకు కారు గొడవ ఎత్తుకున్నాడు.

"మామయ్య షెడ్డులో సర్వీసింగు చేయించినప్పటినుంచే ఇదంతా! ఆయిలు మార్చాడు, ఫిల్టరు మార్చాడు. మైలేజీ పెరగాలా, తగ్గాలా? ట్యాంకు నింపి వారం తిరక్కుండానే ముల్లు కింద పడుకుంటోంది."

"ఎండలకి ఏసీ ఎక్కువ వేస్తున్నామేమో," అంది కోడలు, రొట్టెకి వెన్న రాస్తూ.

"ఏసీ ముందూ వేశాం. టైర్లలో గాలి చూశాను, బాగానే ఉంది. మధ్యలో బండి మీద చెయ్యి వేసింది మామయ్యొక్కడే."

పొయ్యి దగ్గర పాలు చూస్తున్న తల్లి మంట తగ్గించింది. గరిటె తిప్పుతున్నట్టు నటిస్తూ అటే నిలబడిపోయింది. ఆ పెట్రోలు ఎక్కడికి పోతోందో ఆ ఇంట్లో తెలిసింది ఆవిడకొక్కర్తికే.

కొడుకు ఆఫీసు బస్సులోనూ, కోడలు రైల్లోనూ వెళ్ళిపోయాక కారు ఇంటి ముందు ఊరికే పడి ఉండేది. రెండు నెలలుగా దాన్ని ఆవిడే బయటికి తీస్తోంది. పక్కన తమ్ముడు, అదే ఆ షెడ్డు మామయ్య, కూర్చునేవాడు. మూతబడ్డ సిమెంటు గోదాము వెనక ఖాళీ జాగాలో మొదటి గేరు, రెండో గేరు, మళ్ళీ రివర్సు. ఏటవాలు మీద ఆపడం, వెనక్కి జారకుండా ఎక్కించడం. తిరిగే దూరం కాస్తే కనక మీటరులో తేడా తెలిసేది కాదు. ఇంజను మాత్రం రోజూ గంటసేపు ఆగుతూ, మళ్ళీ స్టార్టవుతూ రొప్పేది. "బండి కొత్తగా సర్వీసింగయి నునుపుగా ఉందక్కా, నేర్చుకోవడానికి ఇదే అదును," అని మొదలుపెట్టించింది తమ్ముడే. లైసెన్సు పరీక్ష నెగ్గి అక్కే చెప్పేదాకా ఎవరికీ చెప్పనని మాట కూడా ఇచ్చాడు.

మొన్న శుక్రవారం ఆవిడ పరీక్ష నెగ్గింది. ఈ ఆదివారం అందరూ బల్ల దగ్గర ఉండగా చెబుదామని మాటలు కూడా కూర్చుకుంది. తీరా చూస్తే ఇదీ వరస.

"ఇవాళ తేల్చేస్తాను. నువ్వూ రామ్మా. నీ మొహం చూసైనా నిజం చెప్తాడేమో," అంటూ కొడుకు తాళాలు తీశాడు.

దారిలో రెండుసార్లు ఆవిడ నోరు విప్పింది. "ఒరేయ్, అసలు సంగతేంటంటే..."

"ఆయన్ని వెనకేసుకు రాకమ్మా," అని కొడుకు తుంచేశాడు. ముందు సీటులోంచి కోడలు వెనక్కి తిరిగి అత్తగారి మొహం వంక ఒకసారి చూసింది.

షెడ్డులో ముగ్గురు నలుగురు తమ బళ్ళ కోసం కాచుకుని ఉన్నారు. కొడుకు కారుని తిన్నగా లోపలికి పోనిచ్చి, దిగుతూనే గొంతు పెంచాడు.

"ఏం చేశావు మామయ్యా నా బండికి? మంచి పార్టులు పీకేసి పాతవి బిగించావా?"

తమ్ముడు చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ అక్క వంక చూశాడు. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. "బండి బాగానే ఉందిరా. ఇంకోసారి చూస్తాలే."

"చూసింది చాలు. ఊళ్ళోవాళ్ళయితే సరే, సొంత మేనల్లుడి దగ్గరా నీ చేతివాటం?"

కాచుకున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తమ్ముడి మొహం నల్లబడింది. వంగి కారు బానెట్టు తెరవబోయాడు. ఇచ్చిన మాట కోసం నలుగురిలో దొంగనిపించుకుంటున్న తమ్ముణ్ణి చూసేసరికి, ఆవిడ ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది.

"నోర్ముయ్‌రా!" అంది.

కొడుకు బిత్తరపోయాడు. ఊహ తెలిశాక అమ్మ అలా అనడం అతను వినలేదు.

"ఆ పెట్రోలు తాగించింది నేను. డ్రైవింగు నేర్చుకున్నాను, మొన్నే పరీక్ష కూడా నెగ్గాను. మీరు వెళ్ళాక రోజూ ఈ బండే తీస్తున్నాను. మామయ్య పక్కన కూర్చుని నేర్పించాడు, అంతే."

కొడుకు పకపకా నవ్వాడు. "తమ్ముడి కోసం ఎంత కథ అల్లావమ్మా! నువ్వా? డ్రైవింగా?"

ఆవిడ చెయ్యి చాపింది. "తాళాలియ్యి."

"అమ్మా, తమాషా చాలు. వెనక సందు చూశావా? నాకే..."

"ఇయ్యమన్నానా?"

ప్రసూతి ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసిన గొంతు అది. కొడుకు ఇచ్చేశాడు.

రోడ్డెక్కాలంటే కారుని వెనక్కే తియ్యాలి, ఆ సందేమో ఇరుకు. ఒక పక్క గోడ, ఇంకో పక్క నీళ్ళ ట్యాంకరు. కాచుకున్నవాళ్ళలో ఒకాయన, "నేను తీసి పెట్టనా అమ్మా?" అన్నాడు. ఆవిడ అక్కర్లేదని చెయ్యి ఊపి, సీటు ముందుకి జరుపుకుంది. అద్దం సర్దుకుంది. బెల్టు పెట్టుకుంది. ఆ చేతులు ఎందరో బిడ్డల్ని ఈ లోకంలోకి అందుకున్నాయి. ఇప్పుడు స్టీరింగుని కుదురుగా పట్టుకున్నాయి.

కారు మెల్లిగా వెనక్కి కదిలింది. ట్యాంకరు దగ్గర ఆగింది. ముందుకి కాస్త జరిగి, చక్రం తిప్పుకుని, మళ్ళీ వెనక్కి. గోడకి గీత పడలేదు, ట్యాంకరుకి తగలలేదు. రోడ్డెక్కి చక్కగా ఓ పక్కకి నిలిచింది. షెడ్డులో ఎవరో ఈల వేశారు. తమ్ముడు గ్రీజు గుడ్డ గాల్లోకి విసిరి, "అక్కా, అదీ!" అని అరిచాడు. కోడలు చప్పట్లు కొడుతూ పరిగెత్తుకెళ్ళి ముందు సీటులో కూర్చుంది.

కొడుకు కూడా వచ్చి వెనక తలుపు మీద చెయ్యి వేశాడు. ఆవిడ తాళం తియ్యలేదు. అద్దం దింపింది.

"ముందు మామయ్య దగ్గరికి వెళ్ళు. ఏ నలుగురి ముందు అన్నావో ఆ నలుగురి ముందే చెప్పు."

అతను వెళ్ళాడు. మామయ్య గ్రీజు చేతుల్ని రెండు చేతులతో పట్టుకుని, "తప్పయిపోయింది మామయ్యా, తొందరపడి నోరు పారేసుకున్నాను," అన్నాడు. ఆయన కళ్ళు తుడుచుకుని, "సర్లే, పో. మీ అమ్మ బయల్దేరితే ఆగదు," అని నవ్వాడు.

కారు పెద్ద రోడ్డులోకి వచ్చింది. వెనక సీటులోంచి కొడుకు అన్నాడు.

"ఎక్కడికైనా వెళ్ళాలంటే నన్నడిగితే తీసుకెళ్ళనా అమ్మా?"

"అడిగాన్రా. పెద్దమ్మ ఆపరేషనై ఇంటికొచ్చిన రోజు అడిగాను. మంచి చీర కట్టుకుని గేటు దగ్గర కుర్చీ వేసుకు కూర్చున్నాను. చీకటి పడ్డాక లోపలికొచ్చి చీర మార్చుకున్నాను. 'అయ్యో, మర్చిపోయానమ్మా' అన్నావు. పర్లేదురా అన్నాను." గేరు మార్చింది. "పర్లేదు కాదు. చాలా బాధేసింది."

కొడుకు ముందుకు వంగి తల్లి భుజం మీద నుదురు ఆనించాడు. జాకెట్టు తడిసింది.

"తల తియ్యి, అద్దంలో వెనక బళ్ళు కనిపించట్లేదు," అందావిడ. ఆ గొంతూ తడిగానే ఉంది.

కోడలు కిసుక్కున నవ్వింది. "అత్తయ్యా, నాకూ నేర్పిస్తారా?"

"రేపట్నుంచే."

"అయితే మైలేజీ ఇంకా పడిపోతుంది," అన్నాడు కొడుకు, ముక్కు తుడుచుకుంటూ.

"పడనీ," అన్నారు అత్తాకోడళ్ళు ఒక్కసారే.

ఎదురుగా వంతెన ఎత్తుగా లేచింది. ముందర లారీ ఒకటి మూలుగుతూ ఎక్కుతోంది. ఆవిడ అద్దంలో చూసింది, సిగ్నలు వేసింది, లారీని హాయిగా దాటేసింది. వంతెన మీద గాలి కిటికీలోంచి దూసుకొచ్చి నెరిసిన జుట్టంతా చెదరగొట్టింది. సర్దుకోవడానికి ఆవిడ చెయ్యెత్తలేదు. నాలుగో గేరు వేసి, గట్టిగా నవ్వేసింది.