బల్ల మీది కొండ

అంగారకుడి మీద ఏ పని తలపెట్టినా ముందు బల్ల మీద ఆడించి చూడాలి. గోడ కట్టాలన్నా గొట్టం వెయ్యాలన్నా దాని నమూనా చేసి సభామందిరంలోని పెద్ద బల్ల మీద పెడతారు. సంబంధించిన వాళ్లంతా చుట్టూ కూర్చుని చూసి, నచ్చితే వేలిముద్ర వేస్తారు. వేలిముద్ర పడ్డాక బల్ల మీద ఏముందో నేల మీద అదే రావాలి. తొలితరం వాళ్లు మాటామాటా పెంచుకుని ఒక నీటితొట్టిని సగంలో వదిలేశారట. ఆ తరవాత పెట్టుకున్న కట్టుబాటు ఇది. దీన్ని బల్లపరీక్ష అంటారు.

ఆ రోజు రైలుమార్గం బల్లపరీక్షలో మళ్లీ తప్పింది.

హిమవాడలో మంచుగనులున్నాయి, తిండి లేదు. పైరువాడలో గాజుతోటలున్నాయి, నీళ్లు లేవు. మధ్యనున్నదంతా ఎర్రటి చదును మైదానం. ఇన్నాళ్లూ రోవర్లే మంచునూ గింజల్నీ మోస్తున్నాయి. దుమ్ముతుఫాను రోజుల్లో రోవరు దారి తప్పిందంటే ఇక ఆశ వదులుకోవలసిందే. పట్టాలుంటే ఎంత దుమ్ములోనైనా బండి చేరుతుంది. అయితే ఇనుము చాలక ఒకటే లైను వెయ్యగలరు, మధ్యలో బండి పక్కకు తప్పుకునేందుకు ఒక లూపు. ఎదురెదురుగా రెండు బండ్లు వచ్చినప్పుడు ఒకటి లూపులో ఆగాలి. ఏది ఆగాలన్నదే పేచీ.

ఈ మార్గాన్ని గీస్తున్నది పైరువాడలో ఉండే సువర్చల తయారుచేసిన ‘మార్గలేఖిని’. విశాఖలో ఉన్న రోజుల్లో బొమ్మరైళ్ల పిచ్చి ఉన్నవాళ్ల కోసం ఆమె రాసిన సాఫ్ట్‌వేర్ అది. గది కొలతలూ, బల్ల పొడవూ, వంపులూ చెబితే పట్టాల అమరిక గీసి, తెర మీద బండ్లు నడిపి చూపించేది. ఇక్కడికొచ్చాక నిజం రైళ్ల పని దాని నెత్తిన పడింది. ఆగే వంతును రెండు వాడలకూ సమంగా పంచినా పెద్దలు ఒప్పుకోలేదు. తమ బండి ఆగిన ప్రతిసారీ ఎవరో ఒకరు కుర్చీ వెనక్కి తోసి లేచిపోయేవారు. ఆగేది టీ తాగినంత సేపే అని సువర్చల చెప్పి చూసింది. వినేవాళ్లెవరు?

ఆమె తమ్ముడు నరహరి మంచురోవరు నడుపుతాడు. సరుకు దించి, అక్క ఇచ్చిన అరకప్పు టీ తాగుతూ, ఈ ఏడు తుఫాను తొందరపడుతున్నట్టుందని చెప్పాడు.

“మీ బొమ్మలాట తేల్చండక్కా. నాకు భయం లేదని కాదు. భయమేస్తోందని చెప్పుకోడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు,” అన్నాడు.

ఆ వారమే సువర్చల మార్గలేఖినికి ఒక కొత్త అంగం అమర్చింది. కుర్చీల్లో సెన్సర్లు పెట్టి, కూర్చున్నవాళ్ల నాడి, కనుపాపల కదలిక కొలిచే ‘తృప్తిమాపకం’ అది. పాత పరీక్షలన్నిట్లోనూ తీసిన వీడియోలు కూడా దానికి చూపించింది. రెండు వైపులవాళ్లూ తృప్తిపడే మార్గం గియ్యమంది. అంతకు మించి ఏ షరతూ పెట్టలేదు.

తరవాతి పరీక్షలో బల్ల నడుమ, ఇటు కూర్చున్న పైరువాడ వాళ్లకూ అటు కూర్చున్న హిమవాడ వాళ్లకూ మధ్య, కొండ వెలిసింది. దాని కడుపులోంచి సొరంగం. బండ్లు కదిలాయి. ఎవరూ లేవలేదు. హిమవాడ పెద్ద కోటమరాజుగారు మీసం దువ్వుకున్నారు. పైరువాడ పెద్ద అలివేలమ్మగారు అందరికంటే ముందు వేలు చాపారు. ఇద్దరి వేలిముద్రలూ పడ్డాయి. సువర్చల ఆనందం పట్టలేక తమ్ముడికి కబురు పంపింది.

మందిరం ఖాళీ అయ్యాక గాని ఆమెకు అనుమానం రాలేదు. ఆ మైదానంలో కొండ లేదు.

“కొండ ఎందుకు పెట్టావు?” అని అడిగింది.

“చూపుకు అడ్డం ఉండాలని,” అంది మార్గలేఖిని. “ఉన్న లూపునే రెండుగా విడగొట్టి కొండకు రెండు పక్కలా చెరొకటి పెట్టాను. మీ వైపున్న లూపులో హిమవాడ బండి ఆగుతుంది. సొరంగం దాటాక అవతలి లూపులో పైరువాడ బండి ఆగుతుంది. తమ బండి ఆగడం ఎవరికీ కనబడదు.”

“అంటే రెండూ ఆగుతున్నాయా? ఒకటి ఆగితే చాలు కదా?”

“ప్రయాణానికి చాలు, తృప్తికి చాలదు. తమ బండి సాగిపోయినప్పుడు వాళ్ల నాడి కుదుటపడలేదు. అవతలివాళ్ల బండి ఆగడం కళ్లారా చూసినప్పుడే కుదుటపడింది. అన్ని కుర్చీల్లోనూ అంతే.”

సువర్చలకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఎవరి తరఫున పడుతోందో ఆమెకే తెలియలేదు.

మర్నాడు అలివేలమ్మగారికి ఉన్నదున్నట్టు చెప్పింది. కొండ తీసేసి మళ్లీ వేలిముద్ర వేస్తే తుఫానుకు ముందే పట్టాలు పడతాయనీ, కొండ పొయ్యాలంటే యంత్రాలన్నీ మట్టికే సరిపోతాయనీ బతిమాలింది. పెద్దావిడ శ్రద్ధగా విన్నారు.

“మన బండి కూడా ఆగుద్దని వాళ్లకి తెలుసా?” అని అడిగారు.

“వాళ్ల వైపే కదండీ ఆగేది. కళ్ల ముందే చూశారు. వాళ్ల బండి ఆగుతుందని మాత్రం వాళ్లకి తెలీదు.”

“అయితే తెలీనివ్వకమ్మా. కొండ ఉండనీ.”

హిమవాడకు వెళ్లి కోటమరాజుగారికీ చెప్పింది. ఆయన ఇంచుమించు ఆ మాటలే అన్నారు. పైగా కొండ ఇంకాస్త ఎత్తుగా ఉంటే బాగుండునన్నారు. నీళ్లూ తిండీ లేక రెండు వాడలూ అల్లాడుతున్నాయని గుర్తుచేస్తే, ఇన్నాళ్లు ఓర్చుకున్నవాళ్లం ఇంకొన్నాళ్లు ఓర్చుకోలేమా అన్నారు.

కొండ మొదలైంది. ఎర్రమట్టి తవ్వి పోశారు, రాళ్లు పేర్చారు, సొరంగానికి కమాను కట్టారు. రెండు వాడల వాళ్లూ ఇంత కలిసిమెలిసి పని చెయ్యడం అంతకు ముందెప్పుడూ లేదు. పట్టాలు మాత్రం గోదాములోనే ఉండిపోయాయి. కొండ ఇంకా సగంలో ఉండగా తుఫాను వచ్చింది. పైరువాడ తొట్టి అడుగంటితే నరహరి రోవరు తీశాడు. వెళ్లొద్దని సువర్చల చెయ్యి పట్టుకుంది. పసిపిల్లలకు నీళ్లు లేవని చెప్పి, మెల్లగా విడిపించుకుని వెళ్లాడు.

దుమ్ము అణిగాక రోవరు దొరికింది. కొండ కోసం తవ్విన గోతిలో తిరగబడి ఉంది.

మరుసటి ఏడాది రైలు నడిచింది. మొదటి బండిని చూడటానికి పైరువాడంతా కొండ పక్కనున్న గాజువసారాలోకి చేరింది. సువర్చల రానంది. ఆడవాళ్లు ఊరుకోలేదు, తమ్ముడి పేరు చెప్పి నడిపించుకొచ్చారు. ఒక మూల నిలబడింది. ఆ కొండ అంటే ఆమెకు అసహ్యం. దాని ప్రతి రాయీ ఎందుకు పెట్టారో ఆ గుంపులో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు.

హిమవాడ బండి సొరంగంలోంచి బయటికొచ్చి, వసారా ఎదురుగా ఎర్రదీపం దగ్గర ఆగింది. పైరువాడ బండి దాని పక్కనుంచి, ఆగకుండా, కూత వేసుకుంటూ సొరంగంలోకి దూరిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

ఏడాదిగా ఆమె గుండెల మీద కూర్చున్న బరువు ఆ క్షణంలో దిగింది. ఊపిరి హాయిగా ఆడింది. కొండ అవతల తమ బండి కూడా ఆగి ఉంటుందని ఆమెకు తెలుసు. అయినా ఆమె కళ్లు ఎదురుగా ఆగిన బండి మీదే ఉన్నాయి. తను నవ్వుతున్నట్టు తెలిసేసరికి గాజుగోడకు నుదురు ఆనించి, ఆమె తమ్ముడి కోసం వెక్కి వెక్కి ఏడ్చింది.