రెండు ఎయిర్‌పోర్టుల ఊరు

ఆ వీధిలో ఎవరు విమానం ఎక్కాలన్నా ముందు టికెట్ల మాస్టారి దుకాణం మెట్లెక్కాల్సిందే. ముప్పై ఏళ్లలో తాను పంపినవాళ్లెవరూ దారిలో చిక్కుకోలేదని ఆయన అందరికీ చెప్పుకునేవారు. ఇంట్లోనూ అదే డాబు.

ఆ పొద్దున భార్యను ఆయనే స్వయంగా విమానాశ్రయానికి తీసుకెళ్లారు. ఆవిడ బయల్దేరింది పరాయి దేశంలో ఉన్న అక్క దగ్గరికి. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆ అక్కే. ఆమె గొంతులో గడ్డ లేచింది. ఎల్లుండి ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేస్తారట. ఆ తర్వాత ఇక మాట ఉండదు. "ఒక్కరోజు నీ పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోవాలే," అని చెల్లెల్ని అడిగింది.

కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్టు అటూ ఇటూ తిరగేసి, "ట్రాన్సిట్ వీసా ఏదండీ?" అంది.

"మధ్యలో విమానం మారడమేగా! బయటికెళ్లే పనే లేదు, వీసా దేనికమ్మా?" అన్నారు మాస్టారు, పాఠం చెబుతున్నట్టు.

"మేడమ్ దిగేది ఒక ఎయిర్‌పోర్టులో సార్. ఎక్కేది అదే ఊళ్లో ఇంకో ఎయిర్‌పోర్టులో. బయటికొచ్చి బస్సెక్కాలి. వీసా లేకపోతే గేటు దాటనివ్వరు."

ఈ సంగతి మాస్టారే ఎన్ని వందలమందికి చెప్పారో! గంటసేపు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశారు. ఎల్లుండిలోగా చేర్చే సీటు ఒక్కటీ దొరకలేదు.

ఇంటికి రాగానే ఆవిడ వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

"పొరపాటు ఎవరికైనా జరుగుతుందే. వీసాకి ఇవాళే పెడతాను. పది రోజుల్లో..."

"పది రోజుల తర్వాత వెళ్లి ఏం వినమంటారు?"

"నాకు కనబడలేదు, ఏం చెయ్యను!"

"నాకు కనబడింది. టికెట్ తెచ్చిన రోజే అడిగాను, దిగేచోట ఒక పేరు, ఎక్కేచోట ఇంకో పేరు ఉందేంటని. మీరేమన్నారు?"

మాస్టారికి గుర్తొచ్చింది. తలైనా ఎత్తకుండా, 'విమానాల సంగతి నాకే చెబుతావా? నువ్వు పెట్టె సర్దుకో చాలు,' అన్నారు. పైగా నవ్వారు. దుకాణంలో ఏ ముక్కూ మొహం తెలియని మనిషి ఆ మాట అడిగినా, కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూసేవారు.

ఇంతలో ఫోన్ మోగింది. ఆవిడ చేతులు తడిగా ఉన్నాయని ఆయనే తీశారు.

"బయల్దేరిందా మరిదిగారూ?" అక్క గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది.

"లేదు వదినా. తప్పు నాది. అది ముందే అడిగింది, నేనే వినిపించుకోలేదు."

"అది చిన్నప్పట్నుంచీ అంతే. ఏదైనా ఒక్కసారే చెబుతుంది," అంది అక్క నెమ్మదిగా. "ఆ ఒక్కసారే వినాలి మరిదిగారూ. ఇలా ఇవ్వండి దానికి."

ఆవిడ ఫోన్ చెవికి ఆనించుకుని నేలమీదే కూలబడింది. "నేనేం మాట్లాడనక్కా. నువ్వే మాట్లాడు."

చాలాసేపు ఆ బొంగురు గొంతు దగ్గుతూ, ఆగుతూ, మధ్యలో ఒకసారి నవ్వుతూ వినిపించింది. గుమ్మంలో నిలబడ్డ మాస్టారికి దుఃఖం ఆగలేదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చెప్పుకోవలసిన మాటలవి.

ఫోన్ పెట్టేశాక ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఏమందే?"

"వింటారా?"

ఆయన తలూపారు. చెప్పబోయి ఆవిడ భోరుమంది. ముప్పై ఏళ్లలో మొదటిసారి మాస్టారు ఒక్క మాటా అడ్డు వెయ్యకుండా, ఆవిడ మొదలుపెట్టేదాకా కాచుకుని కూర్చున్నారు.