అడగకుండా తీసుకున్న గొంతు

డాక్టరు వారం పాటు నోరు మెదపొద్దన్నాడని రేడియో అనౌన్సరైన ఆమె ఇంట్లో కూర్చుని వేడినీళ్లు తాగుతున్న పొద్దున, రేడియోలో ఆమె గొంతే వినిపించింది.

"శుభోదయం శ్రోతలూ..."

వంటింట్లోంచి వచ్చిన అమ్మ రేడియో వంక చూసింది. కూతురి వంక చూసింది. "నువ్విక్కడుంటే అక్కడెవరే?"

కూతురు తెలియదన్నట్టు చేతులు తిప్పింది. తెలిసినా చెప్పే వీలు లేదు.

రేడియోలో ఆ గొంతు పుట్టినరోజు శుభాకాంక్షలు చదివింది. అదే హుషారుతో, ఊపిరైనా తిప్పుకోకుండా, ఒక పెద్ద టీచరమ్మ తెల్లవారుజామున కన్నుమూసిన కబురు కూడా చదివేసింది.

"మనిషి పోయిన మాట నవ్వుతూ చెబుతారా ఎవరైనా?" అంది అమ్మ.

ఆ మాట సూటిగా గుండెకు తగిలింది. ఆమె చెప్పులేసుకుని రేడియో స్టేషన్‌కు బయల్దేరింది.

అక్కడి సౌండ్ ఇంజినీరుకు అందరూ పెట్టిన పేరు మౌని. రెండేళ్లుగా స్టూడియో అద్దానికి అవతల అతను, ఇవతల ఆమె. ఆమెకు దగ్గు వచ్చేలా ఉంటే ఆమెకన్నా ముందే కనిపెట్టి మైకు కట్టేసేవాడు. ఆ చూపులో శ్రద్ధేనా, ఇంకేమన్నా ఉందా అని ఆమె చాలాసార్లు ఆలోచనలో పడింది. ఇవాళ మాత్రం అంత ఓపిక లేదు. ఫోన్‌లో టైపు చేసి అతని ముక్కు ముందు పెట్టింది.

'ఎవరి పని ఇది?'

"నాదే," అన్నాడు మౌని. "మీ పాత రికార్డింగులు ఏఐకి ఇచ్చి మీ గొంతు తయారుచేయించాను. మేనేజరు సరేనన్నారు. మీకు విశ్రాంతి, ప్రోగ్రామూ ఆగదు అనుకున్నాను."

'నన్నెందుకు అడగలేదు?'

"మీరు మాట్లాడలేరు కదా."

'మెసేజ్ చదవడానికి గొంతెందుకు?'

మౌని తన ఫోన్ వంక చూసుకున్నాడు.

'ప్రసారం చేసే ముందు విన్నారా?'

"విన్నాను. ఉచ్చారణ తప్పుల్లేవు."

ఆమె హెడ్‌ఫోన్ అతని చేతిలో పెట్టి, టీచరమ్మ కబురు దగ్గర రికార్డింగు నొక్కింది. రెండు వాక్యాలు వినేసరికి అతని మొహం పాలిపోయింది.

"పదాలు విన్నాను," అన్నాడు చివరికి. "ఏం చెబుతోందో వినలేదు."

అంతలో తలుపు తోసుకుని ట్రైనింగ్ పిల్లలు వచ్చారు. సాయంత్రాలు కాలేజీలో ఆమె దగ్గర అనౌన్సర్ కోర్సు చదువుతున్నవాళ్లు. వాళ్లూ రేడియో విన్నారు. వాళ్లలో చలాకీగా ఉండే అమ్మాయి ఇవాళ నసుగుతూ అడిగింది. "మేడం, మీరు లేకుండానే ప్రోగ్రాం నడిచిపోయింది. మరి మేం దేనికి నేర్చుకుంటున్నట్టు?"

ఆమెకు చెప్పాల్సింది బోలెడుంది. గొంతులో గాలి తప్ప ఏమీ లేదు. మౌని వంక చూసింది.

"నడవలేదమ్మా, పాడైంది," అన్నాడతను. "ఎవరి గొంతో వాళ్లని అడగలేదు. వినేవాళ్లకి ఇది మిషన్ అని చెప్పలేదు. పోయినావిడ ఇంట్లో కూడా రేడియో ఉంటుందని దానికి తోచదు. నాకు తోచాలి. తోచలేదు."

"అయితే అసలు వాడకూడదా సార్?"

"వాడండి. పాత టేపుల్లో గరగర తీయడానికి నేనూ వాడతాను. కానీ బయటికెళ్లే ప్రతి మాటకీ పూచీ పడే మనిషి ఒకరుండాలి. మీరు తయారవ్వాల్సింది ఆ ఉద్యోగానికే."

అతను తిన్నగా మేనేజరు గదికి వెళ్లి, రేడియోలో క్షమాపణ చెబుతానన్నాడు. "ఎవరూ పట్టించుకోలేదుగా, ఎందుకు కెలుకుతావ్?" అన్నారాయన. "గొడవైతే నీ ఉద్యోగం నేను కాపాడలేను."

అయినా మౌని మైకు ముందు కూర్చున్నాడు. అలా కూర్చోవడం అదే మొదలు. తడబడుతూనే జరిగింది జరిగినట్టు చెప్పి, ఆమెకూ శ్రోతలకూ ఆ కుటుంబానికీ క్షమాపణ చెప్పాడు. టీచరమ్మ కబురు మళ్లీ, నెమ్మదిగా చదివాడు. ఆవిడ పేరు దగ్గర ఆగాడు. అద్దం ఇవతల పిల్లలు కదలకుండా విన్నారు.

కాసేపటికి ఫోన్ మోగింది. టీచరమ్మ కొడుకు. "మళ్లీ చదివినందుకు సంతోషం," అని పెట్టేశాడు. మేనేజరు మౌని ఉద్యోగం ఊసు మళ్లీ ఎత్తలేదు. పైగా ఇకమీదట ఎవరి గొంతైనా వాళ్లు ఒప్పుకుంటేనే వాడాలని తనే అందరికీ చెప్పారు.

గొంతు కాస్త కుదుటపడి ఆమె డ్యూటీకి వచ్చిన రోజు, మౌని కంప్యూటర్ ఆమె వైపు తిప్పాడు. "మీ గొంతుతో చేసిన ఏఐ నకలు ఇంకా ఇందులోనే ఉంది. ఉంచాలో తీసేయాలో మీరే చెప్పాలి."

ఆమె తన చేత్తోనే తీసేసింది. కిటికీ అవతల వాన మొదలైంది. ఇద్దరూ వరండాలోకి వచ్చి నిలబడ్డారు.

"ఇంకేమైనా అడగాలా?" అంది.

"అడగాలి. అంటే... మీ ఇంట్లోవాళ్లని... కాదు, ముందు మిమ్మల్నే. మీకు నేనంటే..." అతని మాట వానలో సగం కొట్టుకుపోయింది.

"ఆ రోజు మీ క్షమాపణ విని మా అమ్మ ఏమందో తెలుసా? 'మాట్లాడ్డం రాదు గానీ మనసున్నవాడే. ఓసారి భోజనానికి పిలువు' అంది."

"అమ్మగారి సంగతి సరే. మీరు?"

"నాకూ ఇష్ట..." మధ్యలోనే గొంతు చీలింది. మిగతాది ఉత్త గాలే వచ్చింది. ఆమె సిగ్గుపడి, గొంతు సవరించుకుంది. "మళ్లీ చెప్పనా?"

"అక్కర్లేదు," అన్నాడు మౌని. "బాగా వినిపించింది."